రెడీమేడ్ నరం

మార్చి 4
రెండు చేతుల్లో సొంత నరాలు డయాలసిస్‌కి పనికిరావని సర్జన్ గారు తేల్చేశారు. మెడలో ట్యూబుతోనే నడుస్తోంది, అది తడవకూడదని తలస్నానం కూడా లేదు. దాంతో రెండుసార్లు జ్వరం, రెండుసార్లు అడ్మిట్. మూడోసారి తట్టుకోలేనట. ల్యాబులో నరాలు పెంచే కంపెనీ ఒకటుందట, ట్రయల్లో చేరతారా అన్నారు. తలూపాను.

మార్చి 6
కంపెనీ ఆవిడ వచ్చింది. కాల్లోంచి నరం కోసి తియ్యక్కర్లేదు, సిద్ధంగా ఉంటుంది, చీము పట్టడం తక్కువ అంది. గడ్డ కట్టొచ్చు, ఉబ్బొచ్చు, మా కంపెనీయే మూతపడొచ్చు అని కూడా తనే చెప్పింది. అది నచ్చింది. సంతకం పెట్టాను.
రెడీమేడ్ బట్టల్ని తిట్టుకుంటూ నలభై ఏళ్లు మిషను తొక్కిన మామయ్యకి చివరికి రెడీమేడ్ నరమా అని అల్లుడు ఒకటే నవ్వు.

మార్చి 15
చేతిలో పెట్టారు. వేలు ఆనిస్తే సన్నగా అదురుతోంది, రక్తం పారుతున్నట్టు గుర్తట. పక్క గదిలో కుట్టు మిషను నడుస్తున్నట్టు.

మార్చి 23, ఆదివారం
రోజూ పొద్దున్నే వేలు పెట్టి, అదురు ఎలా ఉందో చూసి, కంపెనీ ఇచ్చిన కాగితంలో రాయాలట. వారానికి సరిపడా ఒకేసారి 'బాగుంది' అని రాసేశాను. ఇంత చేసినవాళ్లకి వేరే ఏం రాస్తాం.

మార్చి 26, పొద్దున 6
అదురు తగ్గింది. కాగితంలో శనివారం దాకా బాగుంది. కొట్టేస్తే బాగుండదు.

9 గంటలు
అసలు లేదు. చెయ్యి తడుముకుంటుంటే అమ్మాయి చూసింది. కాగితం లాక్కుని చదివింది. నోరు విప్పడానికి మొహమాటమా నాన్నా, అది నీకు చేతికంటే ఎక్కువా అంది. ఆటో పిలిచింది.

మార్చి 27
గడ్డ తీశారు. మళ్లీ అదురుతోంది. ఇంకో రోజు ఆగితే దక్కేది కాదట.
కంపెనీ ఆవిడకి క్షమించమ్మా అన్నాను. కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.
"మీరు దాస్తే తర్వాత వచ్చే పేషెంటుకి ఏం చెప్పను తాతగారూ? మా నరం గురించి మంచి చెప్పేవాళ్లు మాకు చాలామంది ఉన్నారు."
ఆవిడ ముందే ఆ వారమంతా కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశాను.

మార్చి 28
ఉంది.

ఏప్రిల్ 24
కొత్త నరంలోనే సూదులు గుచ్చారు. నాలుగు గంటలూ రక్తం చక్కగా నడిచింది. ఒకచోట నొప్పిగా ఉందని నేనే చెప్పాను. నర్సు ఆశ్చర్యపోయింది.

మే 9
మెడలో ట్యూబు తీసేసి వారమైంది. పుండు మానింది. ఏడు నెలల తర్వాత తలమీంచి నీళ్లు. అమ్మాయి తలుపు కొట్టి ఇంకెంతసేపు అంది. ఇంకో చెంబు అన్నాను.