కాళ్ళ మీద గుడ్డు

నా శ్రీమతికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నీ కుట్టుమిషనూ, కారుతున్న కుళాయీ. ఆ రేవు ఊళ్ళో నువ్వూ క్షేమంగా ఉన్నావనీ, చలికి దగ్గు తిరగబెట్టలేదనీ తలుస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. నువ్వడిగిన వాటిలో తేలికైనవి ముందు చెప్పేస్తాను. కుళాయి బాగుచేయించలేదు. కింద గిన్నె పెట్టి, నిండినప్పుడల్లా పారబోస్తున్నాను. వేళకి తింటున్నాను. వంట కాస్త మెరుగైంది, అంటే మాడినా అది ఏమిటో గుర్తుపట్టగలుగుతున్నాను. జుట్టు పెంచుకుని దేభ్యంలా తిరుగుతున్నానేమోనని అడిగావు. ఆ బెంగేం వద్దు. నెలకోసారి క్షవరానికి వెళ్ళేవాణ్ణి ఇప్పుడు వారం వారం వెళ్తున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

పెద్ద ప్రశ్న సంగతీ మర్చిపోలేదు. చేపల కంపెనీవాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారనీ, నెలాఖరులోగా అవునో కాదో చెప్పి సంతకం పెట్టాలనీ రాశావు. సరుకు చూసి బాగుంది, బాగాలేదు అని తేల్చే పని నీకు నచ్చిందనీ, అక్కడ నీ మాటకి విలువుందనీ రాశావు. చివర్లో, "మీరే ఇక్కడికి వచ్చేస్తే ఏం? మా వీధి చివరి బడిలో చిన్న క్లాసులకి మాస్టారు కావాలట" అని కిందటిసారి లాగే ఇంకో ముక్క. దానికి జవాబు రాద్దామని కూర్చోవడం, ఇల్లు ఎవరు చూసుకుంటారని మొదలుపెట్టడం, చింపెయ్యడం, ఇదే పనైంది నాకు. ముందు బడి కబుర్లు చెప్పనీ.

ఈ నెల రెండో తరగతికి కథలు రాయడం నేర్పుతున్నాను, ధ్రువాల దగ్గర మంచులో బతికే జంతువుల మీద. నా పద్ధతి నీకు తెలిసిందే. రాసేముందు కాగితం మీద నాలుగు గళ్ళు గీసుకోవాలి. ఎవరు, ఎక్కడ, ఏం చిక్కొచ్చింది, దానికి ఏం చేశారు. నాలుగూ నిండితే గానీ కథ జోలికి పోకూడదు. నాలుగో గడికి ఇంకో నియమం ఉంది. చిక్కు దానంతటది తీరిపోకూడదు, ఆ జంతువే ఏదో ఒకటి చెయ్యాలి. లేకపోతే అందరూ 'అంతలో తెల్లారింది' అని రాసి చేతులు దులిపేసుకుంటారు.

మొదటి రోజంతా తెల్ల ఎలుగుబంటి పెంగ్విన్‌ని మింగెయ్యడంతోనే సరిపోయింది. అవి రెండూ భూమికి చెరో కొసనా ఉంటాయి, కలుసుకోవురా అని మొత్తుకున్నాను. బస్సు కూడా లేదా అని అడిగాడొకడు. లేదన్నాను. వాడు ఎలుగుబంటి మీద జాలిపడి, గడి మొత్తం చెరిపేసుకున్నాడు.

మర్నాడు నేనే ఒక కథ బోర్డు మీద వేసి చూపించాను. తండ్రి పెంగ్విన్ కథ. తల్లి గుడ్డు పెట్టి, దాన్ని తండ్రికి అప్పగించి, చేపల కోసం సముద్రానికి వెళ్ళిపోతుంది. ఆయన ఆ గుడ్డుని పాదాల మీద పెట్టుకుని, పొట్ట కింద దాచుకుని, తిండీ తిప్పలూ లేకుండా ఆ చలిలో నిలబడి ఉంటాడు. ఇన్ని జంతువులుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నానో, అదీ నువ్వు చేపల కంపెనీలో ఉండగా, ఆ క్షణాన నాకు తట్టలేదు. నవ్వకు.

మూడో గడిలో 'తల్లి దూరం వెళ్ళింది, తండ్రి ఒంటరివాడయ్యాడు' అని రాశాను. పిల్లలు ఒప్పుకోలేదు. చుట్టూ బోలెడుమంది నాన్నలు ఒకరినొకరు ఆనుకుని నిలబడతారని పుస్తకంలో నేనే చూపించానట, అంతమందిలో ఒంటరితనమేమిటట. ఏం చెప్పను వాళ్ళకి? పొద్దంతా నా చుట్టూ క్లాసు నిండా పిల్లలే. స్టాఫ్‌రూములో కుర్చీ దొరకదు. గంట కొట్టాక అందరూ వెళ్ళిపోతే, దిద్దాల్సిందేమీ లేకపోయినా పిల్లల బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుంటున్నాను, ఇంటికి పోవడానికి కాళ్ళు రాక. అవన్నీ చెప్పలేక నాలుగో గడిలో 'ఓపిగ్గా నిలబడ్డాడు' అని రాసి ఊరుకున్నాను.

మూడో బెంచీలో ఒక పిల్ల ఉందని ఇదివరకు రాశాను, ప్రశ్నల పుట్ట. అది లేచింది.

"నిలబడితే చేసినట్టా సార్? ఏదో ఒకటి చెయ్యాలని మీరే అన్నారుగా."

కదిలితే గుడ్డు గడ్డకట్టిపోతుందమ్మా, అందుకే కదలడు అని నచ్చజెప్పాను. ఆ పిల్ల బోర్డు దగ్గరికొచ్చి నా బొమ్మని ఎగాదిగా చూసింది.

"గుడ్డేది సార్? మీరు వెయ్యలేదు."

చూద్దును గదా, నిజంగానే లేదు. ముక్కు వేశాను, రెక్కలు వేశాను, మెడ దగ్గర పచ్చసుద్దతో మచ్చ కూడా దిద్దాను. గుడ్డు మర్చిపోయాను. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

"గుడ్డు లేకపోతే ఆయన కూడా వెళ్ళొచ్చు కదా సార్. ఊరికే ఎందుకు నిలబడ్డాడు?"

గుడ్డు వేసేద్దామని సుద్ద పట్టుకుని వంగాను. మళ్ళీ లేచి సుద్ద కింద పెట్టేశాను. సరే, వెళ్ళనిద్దాం అన్నాను. ఇక చూసుకో. ఒకడు ఆయన్ని ఈదించాడు, ఒకమ్మాయి తిమింగలం ఎక్కించింది, బస్సువాడు ఎట్టకేలకు బస్సు వేయించాడు. ప్రశ్నల పుట్ట మాత్రం, 'వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు అని ఆవిడ అడిగింది' అని రాసి పెన్సిలు కింద పెట్టేసింది.

క్షవరం సంగతి ఇప్పుడు చెప్తాను. జుట్టు కత్తిరిస్తున్నంతసేపూ ఆ మంగలాయన మాట్లాడతాడు, అందుకు వెళ్తున్నాను. కిందటి వారం ఆయన నా తల అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంక కత్తిరించడానికేం మిగల్లేదు మాస్టారూ" అన్నాడు. అని, గుడ్డ కప్పకుండానే కుర్చీలో కూర్చోబెట్టి కాసేపు మాట్లాడి పంపించాడు. డబ్బులు తీసుకోలేదు. దారిలో నాకు ఏడుపొచ్చింది.

ఇల్లు అడ్డమని ప్రతిసారీ నీకు రాస్తూ వచ్చాను. అడ్డం ఇల్లు కాదు. ఇక్కడ వీధిలో నన్ను మాస్టారంటారు. అక్కడ అందరూ నిన్నెరుగుదురు, నన్ను నీ మొగుడంటారు. నీ చెయ్యి పట్టుకుని వచ్చినవాడనిపించుకోవడం నావల్ల కాదనుకున్నాను. ఆ మాట నీతో అనడానికి సిగ్గేసి ఇంటి మీద తోశాను. అద్దె ఇల్లు, కుట్టుమిషను, కుళాయి. నేను కదిలితే గడ్డకట్టేది వీటిలో ఏదీ లేదు. నువ్వు లేకుండా నాకు బాగుండడం లేదోయ్. ఈ ఒక్క వాక్యం రాయలేకే అన్ని కాగితాలు చింపాను.

నువ్వు సంతకం పెట్టెయ్. ఆ బడివాళ్ళని నా తరఫున ఒక్క మాట అడుగు. వాళ్ళు వద్దన్నా వస్తాను, పిల్లల పరీక్షలు కాగానే బయల్దేరతాను. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని నువ్వూ అడుగుతావు, అడుగు.

కుళాయి సంగతి ఇల్లుగలాయన చూసుకుంటాడు. కుట్టుమిషను నేనే మోసుకొస్తాను.

ఇట్లు,
మీ ఆయన