తనిఖీకి సిద్ధం

నా పొట్టి చెల్లీ,

బావ ఎలా ఉన్నారని అడిగావు. బావకేం, నిక్షేపంలా ఉన్నారు. నా మాట నమ్మకపోతే ప్రభుత్వాన్ని అడుగు, కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

మాజీ సైనికులకు ఇంట్లో సాయానికి మనిషిని పెట్టుకోవడానికి భత్యం ఇస్తారని చెప్పాను కదా. ముందు సంక్షేమ కార్యాలయం నుంచి ఒకరు ఇంటికొచ్చి, మనిషి తన పనులు తాను చేసుకోగలడో లేదో చూసి వెళ్తారు. పక్షవాతం వచ్చాక మీ బావ సంగతి నీకు తెలియనిది కాదు. ఎడమ చెయ్యి గుండీ కూడా పట్టదు. స్నానానికైనా, మరుగుదొడ్డికైనా నేనే లేపి నడిపించాలి.

అధికారి వస్తున్నాడని తెలియగానే ఆయన నా చేత గడ్డం గీయించుకున్నారు. ఇస్త్రీ చొక్కా తొడిగించుకున్నారు. మంచం మీద దుప్పటి ముడత లేకుండా లాగించారు. బూట్లకు పాలిష్ పెట్టించారు. మా పెళ్ళినాడు కూడా ఇంత ముస్తాబు కాలేదు.

"ఎందుకండీ ఇదంతా? ఆయన వచ్చేది మన అవస్థ చూడ్డానికి."

"తనిఖీ అంటే తనిఖీయే. నీకు తెలీదు, ఊరుకో."

వచ్చినవాడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. వాడు గుమ్మం దాటేసరికి మీ బావ చేతికర్రను మంచం కిందకు తోసేసి, కిటికీ ఊచ పట్టుకుని నిటారుగా నిలబడ్డారు.

"స్నానం మీరే చేస్తారా?"

"చేస్తాను సార్."

"మెట్లు ఎక్కగలరా?"

"ఇబ్బంది లేదు సార్."

"అబద్ధం బాబూ!" అన్నాను నేను.

"మా ఆవిడకి కంగారెక్కువ," అని నవ్వారు. వాడూ నవ్వి, రాసుకుని వెళ్ళిపోయాడు. వాడు వీధి మలుపు తిరగకముందే ఈయన నేల మీద కూలబడ్డారు. భత్యం రాలేదు.

ఇక ఎవరికీ చెప్పని సంగతి. ఆయన్ని లేపీ లేపీ నా నడుము పాడైంది. ఇక బరువు ఎత్తితే నేనూ మంచం పడతానని డాక్టరు చెప్పాడు. అది ఆయనకు చెప్పలేదు. మాజీ సైనికుల వసతిగృహానికి వెళ్ళి ఒక పడక అడిగి వచ్చాను. నెలాఖరు దాకా దాన్ని మనకోసం ఉంచుతామన్నారు. అదీ చెప్పలేదు. మళ్ళీ పరిశీలించమని కార్యాలయంలో అర్జీ పెట్టాను. అది తేలకపోతే పంపక తప్పదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని కళ్ళుగప్పి సాగనంపుతున్నట్టుంది.

ప్రేమతో,
అక్క


పొట్టీ,

ముందు ఊపిరి పీల్చుకో. నేనూ పీల్చుకున్నాకే రాస్తున్నాను.

ఈసారి చూడ్డానికి ఒకావిడ వచ్చింది. ఒకప్పుడు సైనిక ఆసుపత్రిలో నర్సట. ఈయన మామూలే: ఇస్త్రీ చొక్కా, కిటికీ ఊచ. ఆవిడ నోరు విప్పకముందే "ఇబ్బంది లేదు మేడమ్" అని మొదలెట్టారు. ఆవిడ పెన్ను మూసేసింది.

"సైన్యంలో ఏం చేసేవారు?"

"స్ట్రెచర్లు మోసే దళానికి నాయకుణ్ణి."

"దెబ్బతిన్నవాళ్ళ గురించి వెనక్కి కబురు పంపాలంటే ఏం చెప్పేవారు?"

"ఎంతమంది, ఎవరికేమైంది, ఏం కావాలి. బాగా దెబ్బతిన్నవాళ్ళ సంగతి ముందు."

"అందులో అబద్ధాలు చెప్పేవారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "అందులో అబద్ధమాడితే మనుషులు చచ్చిపోతారు మేడమ్."

"అయితే ఈ ఇంటి సంగతీ అలాగే చెప్పండి."

ఆయన ఊచ వదిలి నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

"ఇద్దరు," అన్నారు.

ఒక్కరే కదా అనుకున్నాను నేను.

"మొదట ఆడమనిషి. నడుము దెబ్బతింది. వంగితే గోడ పట్టుకుని లేస్తోంది. మూలుగు నాకు వినపడకుండా కుళాయి తిప్పుతోంది. వెంటనే బరువులు ఎత్తడం మానాలి. తర్వాత మగమనిషి. ఎడమ పక్క బలం లేదు. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, ఏదీ ఒంటరిగా కాదు. పడితే లేవలేడు. కావలసింది, ఎత్తడానికి బలమున్న మనిషి."

నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పాను. ఇక తిప్పి లాభం లేదని గుర్తొచ్చి కట్టేశాను.

భత్యం మంజూరైంది. సాయానికి వచ్చినవాడు ఇదివరకు బజారులో మూటలు మోసేవాడు. అందరూ పహిల్వాన్ అంటారు. పొద్దున మొదలు ఇద్దరికీ ఒకటే వాదన.

"పెద్దాయనా, చెయ్యి నా మెడ మీద వేయండి. నేనేం శత్రువుని కాదు."

"శత్రువైతేనే నయం. ఇంత వాగడు."

నిన్న వాడు ఆయనకు స్నానం చేయిస్తుంటే నేను పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోయాను. లేచాక ఆయన పక్కన కూర్చుని పడక సంగతి చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. "నువ్వు పంపితే వెళ్ళేవాణ్ణి," అన్నారు.

నేను ఆయన చొక్కా గుండీ పెట్టాను.

"వెళ్ళాలని మాత్రం లేదు," అన్నారు మళ్ళీ.

తనకేది ఇష్టం లేదో ఆయన నాతో చెప్పడం, పొట్టీ, ఇదే మొదటిసారి. అక్కడే, ఆయన వింటుండగా, వసతిగృహానికి ఫోన్ చేసి ఆ పడక ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను.

నిశ్చింతగా,
మీ అక్క