నలభై ఒకటో రోజు రొట్టె

నేను, సంఘం మాసపత్రిక అచ్చుగదిలో ముప్పై ఎనిమిదేళ్ళు అక్షరాలు కూర్చిన కంపోజిటరును, వయస్సు డెబ్బై నాలుగు, మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే వ్రాసుకుంటున్న వీలునామా. బుద్ధికి లోటేమీ లేదు. మోకాళ్ళూ, ఓపికా అయిపోయాయి. ఇంతకుముందు వీలునామా వ్రాయలేదు గనుక రద్దు చేయవలసిందేమీ లేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత మా బైండరుకు అప్పగిస్తున్నాను. పని ఆలస్యం, నోరు తొందర. అయినా అతను కుట్టిన పుస్తకం ఊడిందని ఎవరూ తిరిగి తేలేదు.

1. నా స్టూలు, చేతిసంచి బైండరుకు చెందవలెను. స్టూలుకు ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిపెట్టిన అట్టముక్క తీయవద్దు.

2. గోడగడియారం మా సంఘం పాస్టరు అయ్యగారికి. ఆయన ప్రసంగం చెప్పేటప్పుడు కళ్ళకెదురుగా తగిలించవలెను. కోపంతో ఇవ్వడం లేదు, నడుం నొప్పితో ఇస్తున్నాను.

3. పాత సంచికల కట్టలు ఆదివారపు బడి పిల్లలకు. పేజీ అడుగున చోటు మిగిలితే విశ్వాసానికి సంబంధించిన చిన్న చిన్న కథలు వేసేవాళ్ళం. పాకీపనివాడి ముందు మోకరించిన సేనాపతి, మునుగుతున్న ఓడలో తన పడవచోటు ఇంకొకరికిచ్చిన వంటవాడు, ఎత్తుకుపోయిన గొడుగును వానలో తడుస్తూ తెచ్చిచ్చిన దొంగ. అన్నీ నా వేళ్ళ మీదుగా పోయినవే. కూర్చాను, నమ్మాను. ఆచరించడమే చేతకాలేదు. వాటిలో రొట్టెలవాడి కథ మాత్రం చరిత్ర కాదు. అది నేను కల్పించింది. ఎందుకో కింద వ్రాస్తున్నాను.

4. నా పేర ఉన్న ఇంటిలో ముందు గది, వంటగది మా అక్కకు. వెనక గది మా తమ్ముడికి. వాడు ఇల్లు వదిలి ఇరవై రెండేళ్ళు. "ఎక్కడో పని దొరికిందట, పోయాడు" అని అక్కతో చెప్పాను. అది పచ్చి అబద్ధం.

వాడూ నాతోపాటే అచ్చుగదిలో ఉండేవాడు. ఆ నెల సంచిక మిషను ఎక్కే రోజున, అక్షరాలు పేర్చి దారంతో కట్టిన పేజీని మోసుకొస్తూ గుమ్మం తట్టుకుని పడేశాడు. నాలుగు రోజుల కూర్పు, గుప్పెళ్ళకొద్దీ సీసపు అక్షరాలు, నేలపాలు. "తప్పయిపోయింది అన్నయ్యా, నేనే ఏరి సర్దుతాను" అన్నాడు. అందరి ముందూ చెంప పగలగొట్టాను. "నా కంఠంలో ప్రాణం ఉండగా నా గడప తొక్కకు" అన్నాను. వాడు మాట మీద నిలబడే రకం, తొక్కలేదు. ఆ పేజీలో ఉన్న వ్యాసం సహనం గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

పేజీ మళ్ళీ కూర్చాను. అడుగున వేయవలసిన కథ కాగితం ఆ గొడవలో సిరాలో నానిపోయింది. జానెడు ఖాళీ. తిట్టుకుంటూ నేనే ఒకటి అల్లాను. పూర్వం ఒక పట్టణంలో మహమ్మారి వచ్చిందనీ, రొట్టెలు కాల్చేవాడొకడు మూసి ఉన్న ఎదురింటి కిటికీలో రోజూ ఒక రొట్టె పెట్టేవాడనీ, ఎవరూ తీసుకోకపోయినా నలభై రోజులు పెట్టాడనీ. అక్కడితో ఆపాను. చూస్తే ఇంకో లైను చోటు మిగిలింది. 'నలభై ఒకటో రోజు పొద్దున, పెట్టిన రొట్టె కిటికీలో లేదు' అని కూర్చి పూడ్చాను. దైవప్రేరణ కాదు, చోటు మిగిలిందంతే. తర్వాత అయ్యగారు దాన్ని ప్రసంగంలో చెప్పి, దానికొక దేశమూ ఒక సంవత్సరమూ కూడా చేర్చారు.

ఆ సంచిక అక్క చదివింది. "ఒరేయ్, నువ్వే గదరా కూర్చింది, నీకేమీ అనిపించలేదూ?" అంది. ఆ పూట నుంచి తమ్ముడి పేర మూడో కంచం పెట్టడం మొదలుపెట్టింది. ప్రార్థన చేసి, వడ్డించి, మేం తిన్నాక అది గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళకు పెట్టేది. ఇరవై రెండేళ్ళు ఆ కంచానికి ఎదురుగా కూర్చున్నాను. అయినా తిన్నాను, సిగ్గులేనివాణ్ణి.

5. అక్షరాల గళ్ళపెట్టె అక్కకు. అన్నిటికన్నా కింది గడిలో ఒక పోస్టుకార్డు ఉంది. ఆరేళ్ళ క్రితం తమ్ముడు వ్రాసింది, చిరునామాతో. "అన్నయ్యా, రమ్మంటే వస్తాను" అని. అక్క కంట పడకుండా దాచాను. అక్కా, కథ అబద్ధం, కార్డు నిజం. తిట్టాలనుంటే సమాధి దాకా రాకు, నీకు ఆయాసం. ఇంట్లోనే తిట్టుకో.

6. ఇంతవరకు చదివి బైండరు, "బాబాయ్, నువ్వు పోయేదాకా మీ తమ్ముడు అక్కడ, మీ అక్క ఇక్కడ అలా ఎదురుచూస్తూ ఉండాలా?" అన్నాడు. నోరుంది గదా అని వాగుతాడు. వాగితే వాగాడు, కలం మళ్ళీ తీశాను.

రద్దు చేయవలసిందేమీ లేదని పైన వ్రాశాను. ఒకటి ఉంది. గడప తొక్కవద్దన్న నా మాటను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుందని లాయరు అంటాడు. ఈ ఒక్క అంశం ఈరోజు నుంచే అమలు. అయిదో అంశంలోని కార్డు అక్క చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. అక్క వెళ్ళి, కడిగి ఉన్న మూడో కంచాన్నే మళ్ళీ తోమింది.

ఆ చిరునామాకు నేనూ ఒక కార్డు వ్రాశాను. "తమ్ముడూ, రా." అంతే. మిగతా చోటంతా ఖాళీ. ఈసారి పూడ్చలేదు.

ఆగస్టు పద్నాలుగో తేదీ, మధ్యాహ్నం, వంటగది బల్ల మీద.

(సంతకం) కంపోజిటరు

సాక్షులు:
1. ప్రార్థన మందిరం తాళాలు చూసే ఆయన.
2. మా వీధి పోస్టుమాను. కార్డు అతనే పట్టుకెళ్ళాడు.