మరుగు లేని పడవ

ఫెలీసా అక్కకు,

మూడేళ్లుగా నీ దీవికి రాలేదని, అలిగాననుకుంటున్నావు. అలక కాదక్కా. పావుగంటకోసారి మూత్రం మంటగా తరుముకొస్తుంటే, మరుగు లేని పడవలో ఆరు గంటలు ఎలా కూర్చోను? సిగ్గుతో చెప్పలేదు. నీ కూతురి పెళ్లినాడు ఇలోయిలో పట్నపు రేవు దాకా వచ్చి, పడవ వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మొన్న డాక్టరమ్మ చెప్పింది: "ఇది నీ భ్రమ కాదమ్మా. మూత్రసంచి నిండితే దాని లోపలి పొర నరాలకు కబురు పంపాలి. నీ పొర దెబ్బతింది. ఖాళీగా ఉన్నా నిండిందంటోంది, నరాలేమో నమ్మేస్తున్నాయి."

నన్ను నమ్మిన మొదటి మనిషి ఆవిడే. అక్కడే ఏడ్చేశాను.

మందులతో ఇప్పుడు గంట ఆగగలుగుతున్నాను. నిన్ను చూడాలనుంది. ఇక్కణ్ణుంచి గంటలో పడవ ఆగే మొదటి రేవు దాకా, ఆ గంటా నేను వస్తాను. మిగతా అయిదు గంటలూ నువ్వు రాగలవా?

నీ చెల్లి