నాలుగు వందల పన్నెండు సార్లు

శివశంకర్ గారికి, నమస్కారం.

ఈ నెల కోడింగ్ ఏఐని టీములో అందరికంటే ఎక్కువగా, నాలుగు వందల పన్నెండు సార్లు వాడినందుకు నాకు బహుమతి ప్రకటించారు. పదకొండు సార్లే వాడిన సంధ్యను వెనకబడినవారి జాబితాలో వేశారు. ఆ జాబితాలోని వారిని నెలాఖరుకు పంపేస్తారని విన్నాను.

నేను ఈ పని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అందుకే ఏ రోజు ఏం చేశానో నోటుబుక్కులో రాసుకుంటాను. అది తీసి చూస్తే, మూడు వందల తొంభై సార్లు నేను అడిగింది ఒకటే: మన టీము కోడుతో నడిచే తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల గేటు పాలబండికి ఎందుకు తెరుచుకోవడం లేదని. ఏఐ ప్రతిసారీ క్షమాపణ చెప్పి, మంచి ప్రశ్న అడిగానని నన్ను మెచ్చుకుని, అదే తప్పు మళ్ళీ రాసిచ్చింది. ఒక్కసారి మాత్రం గేటు ఊరందరికీ తెరుచుకుంది.

చివరికి సంధ్య వచ్చి, కూర్చోకుండానే ఆరు లైన్ల కోడు రాసింది. పాలబండి లోపలికి వెళ్ళింది.

"నువ్వు ఏఐని అడగవేం?" అన్నాను.

"రాని పనికి అడగాలె గానీ, వచ్చిన పనికి గూడ అడుగుడేందన్నా?" అంది.

కాబట్టి బహుమతి నాకు వద్దు. ఆమెను తీసేయకండి.

ఈ ఉత్తరం ఇంగ్లీషులో రాసిపెట్టమని ఏఐని నాలుగు సార్లు అడిగాను. నాలుగు సార్లూ నేను బహుమతిని ఆనందంగా స్వీకరిస్తున్నట్టే రాసింది. అందుకే తెలుగులో, చేత్తో రాస్తున్నాను. ఆ నాలుగూ నా లెక్కలో కలపకండి. ఎక్కడో ఒకచోట వేయక తప్పదంటే, సంధ్య లెక్కలో వేయండి.

ఇట్లు,
మూలసీటులో కూర్చునే మీ టీము మనిషి