నలభై ఒక్క సెకన్లు

5 జూలై 2024, శుక్రవారం. చిట్యాల.

పనులు: బట్టలు రెండు బకెట్లు, ఉతికి ఆరేశాను. బియ్యం ఏరడం పూర్తి. ఫ్యాన్లు మూడూ తుడిచాను. గ్యాస్ బుక్ చేశాను. మిరపకాయలు ఎండకు పెట్టలేదు, మబ్బు పట్టింది.

రేపు నల్లగొండలో మ్యాట్నీ. వేదమూర్తి గారు సంగీతం చేసిన కొత్త సినిమా. మా అమ్మాయి వర్షిత ఆయన స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరి ఏడాదిన్నర అయింది. ఈ సినిమాతో మొదటిసారి దాని పేరు తెర మీద పడుతుందట. చివర్లో, చిన్న అక్షరాల్లో. లేవకుండా కూర్చోమని పదిసార్లు చెప్పింది.

అందరూ పాటలు దాచుకుంటారు. పాట లేనప్పుడు వచ్చే మ్యూజిక్ నేను రాసుకుంటాను. నోట్‌బుక్కులు మూడు నిండాయి. ఏ సినిమా, సంగీతం ఎవరు, ఏ సీన్లో ఏ వాయిద్యం, ఎక్కడ ఆపారు. వేదమూర్తి గారి కోసమే ఒక నోట్‌బుక్కు మొత్తం కేటాయించాను, పద్నాలుగు సినిమాలు. చావు సీను రాగానే మిగతావాళ్లు వయొలిన్లు కుమ్మరిస్తారు. ఆయన ఆపేస్తారు. గడియారం చప్పుడో, గిన్నె దొర్లిన చప్పుడో వినిపించి వదిలేస్తారు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

మా ఆయన రాంచందర్‌కు నవ్వులాట. సినిమా చూడబోతున్నవా, పరీక్ష రాయబోతున్నవా, సంచిల రెండు పెన్నులెందుకు అంటాడు.

6 జూలై, సాయంత్రం 6.10

సినిమాలో ఏడ్చింది నేను.

7 జూలై, ఆదివారం

పనులు: ఏమీ చేయలేదు. అన్నం రాంచందర్ వండాడు.

నిన్న చెయ్యి ఆడలేదు. ఇవాళ వరుసగా రాస్తాను.

ఇంటర్వెల్ అయిన నలభై నిమిషాలకు హీరో తమ్ముడి శవం ఇంటికి వస్తుంది. మ్యూజిక్ ఆగింది. నేను చీకట్లోనే "ఆపారు" అని రాసుకుంటున్నాను. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు లేచింది. కింద సన్నగా ఒక తంబూర శ్రుతి. గొంతు మాత్రం పచ్చిగా, ఏమీ పూయకుండా. లే తమ్మీ, నేనొచ్చిన, లే తమ్మీ. మూడోసారి తమ్మీ అనేచోట ఊపిరి తెగి, మళ్లీ కింది నుంచి అందుకుంది.

ఎవరో ఎంత బాగా ఏడుస్తోంది అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. మా దేవరకొండ దిక్కు ఏడుపు అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత రాయడం ఆపేశాను. అది నా గొంతు. పోయిన నవంబరులో, మేళ్లచెరువులో, అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నా తమ్ముడు సైదులు శవం మీద పడి ఏడ్చిన ఏడుపు.

మా దిక్కు ఆడవాళ్లు ఉత్తగా ఏడవరు. పోయినవాళ్లను వరస పెట్టి పిలుస్తూ, రాగం తీసి ఏడుస్తారు. ఆ వేళ నోటికి ఏది వస్తే అది. తర్వాత ఎవరూ దాని గురించి అడగరు.

ముందు వరుసల్లో ఈలలు వేశారు. రాంచందర్ నా చెవి దగ్గరకు వంగి, గీమె అచ్చం నీ లెక్కనే ఏడుస్తాంది అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు.

చివర్లో వర్షిత పేరు పడింది. దాని పైన "గొంతు: జానపదం" అని ఉంది. నేను జానపదం అట.

ఇంకొకటి రాయాలి. ఆయన వాడిన చోటు సరైనది. ఎక్కడ మొదలు పెట్టాలో, ఎక్కడ తెంపాలో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. బాగుంది. నా కోపం అదే.

8 జూలై, సోమవారం

వర్షిత ఫోన్. మామ పోయిన రోజు దానికి ఏడుపు రాలేదట. నువ్వు ఏడ్చేది ఫోన్ల రికార్డు పట్టుకుంటే ఎప్పుడన్న నాక్కూడ వస్తదేమో అనుకున్న అమ్మా అంది. డైరెక్టర్ ఆ సీనుకు పదకొండు ట్యూన్లు వద్దన్నాడట. సారు తల పట్టుకుని కూర్చుంటే ఇది వినిపించిందట. ఇది మనం కట్టేది కాదు అని ఆయన దాన్నే సీనుకు పెట్టారట. నీకు ఇష్టమైన సారు గదా, సర్‌ప్రైజ్ చేద్దామనుకున్న అంది.

సర్‌ప్రైజ్.

తిరుమలత్తకు చెప్పినవా అని ఒకటే అడిగాను. చెప్పలే అమ్మా అంది.

తిరుమల సైదులు భార్య, నా మరదలు. మేళ్లచెరువులోనే ఉంటోంది. ఆమె మొగుడి శవం మీది ఏడుపు టికెట్టు కొన్న ప్రతివాడూ వింటున్నాడు. ఆమెను ఒక మాట అడిగినవాళ్లు లేరు. నేనే అమ్ముకున్నానని అనుకుంటే? సైదులు పోయాక నాకు పుట్టింటి మనిషి అని మిగిలింది ఆమె ఒక్కతే. ఫోనులో చెప్పే సంగతి కాదు. శనివారం పోవాలి.

9 జూలై, మంగళవారం

పనులు: ఇడ్లీ పిండి రుబ్బాను. తలుపు గడియకు నూనె వేశాను.

పక్కింటి శ్రీవాణి నవ్వుకుంటూ ఫోన్ పట్టుకొచ్చింది. అక్కా, గిది చూడు, పొద్దటిసంది నవ్వలేక సస్తున్న అంది. కాలేజీలో బెంచీ మీద నిద్రపోతున్న పిల్లగాడు, వెనక నా గొంతు. లే తమ్మీ, నేనొచ్చిన. ఇంకో దాంట్లో బస్సులో కునికే కండక్టరు. ఇంకో దాంట్లో రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రె, హారన్ బదులు నేను. అరవై వేల లైకులు. గీమె ఎవరోగాని మస్తు ఏడ్చిందక్కా అంది శ్రీవాణి.

బర్రెను చూసి నాకూ నవ్వు వచ్చింది. వచ్చింది, అబద్ధం రాయను. తర్వాత బాత్రూంలో నల్లా తిప్పి కూర్చున్నాను.

10 జూలై, బుధవారం

మొత్తం రికార్డు పంపమన్నాను. వర్షిత పంపింది. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. సినిమాలో ఉన్నది నలభై ఒక్క సెకన్లు. తిరుమల ముందు కూర్చునే ముందు ఏముందో తెలియాలి కదా అని పెట్టుకున్నాను.

ఆరో నిమిషంలో ఇట్లా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పక్కలున్నది కండ్లు మూసుకున్నదా తమ్మీ, దవాఖానకు తోల్కపోక నిన్ను మింగిందా తమ్మీ.

పక్కలున్నది అంటే తిరుమలే. నేనే అన్నాను. నా గొంతే. నాకు గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు. వాకిట్లో నలభై మందైనా ఉన్నారు. తిరుమల లేదు. స్పృహ తప్పితే సెలైన్ పెట్టించడానికి తీసుకుపోయారు. ఆమె మొగుడి మీద నేను ఏడ్చిన ఏడుపు ఆమె వినలేదు.

ఆరుసార్లు విన్నాను. ఆరుసార్లూ అదే మాట ఉంది.

11 జూలై

డిలీట్ చెయ్యి అని వర్షితకు టైపు చేశాను. పంపలేదు.

12 జూలై, శుక్రవారం

ఉదయం 9.30. వేదమూర్తి గారు ఫోన్ చేశారు. స్వయంగా. ఆయనతో ఎప్పుడైనా మాట్లాడితే ఏం అడగాలో ఇరవై ఏళ్లుగా మనసులో రాసి పెట్టుకున్నాను. ఆయన క్షమించమ్మా అన్నారు. అడక్కుండా వాడాం, తప్పు నాది, ఓటీటీలోకి పోయేలోపు తీసేయమంటే తీసేస్తాను, మీరు ఏది చెబితే అది అన్నారు. నా నోట్లోంచి వచ్చింది ఒకటే. పాలు పొంగుతున్నయి సార్ అన్నాను. పెట్టేశాను. పొయ్యి మీద పాలు లేవు.

10.15. తిరుమల ఫోన్. వదినె, సినిమా చూసిన అంది. వర్షితను అడిగిన, మొత్తం నీ దగ్గర ఉన్నదట గదా, పట్టుకొని రా అంది.

13 జూలై, శనివారం. మేళ్లచెరువు.

మంచినీళ్లు ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది. నేను దారి పొడుగునా అనుకున్న మాట ముందే చెప్పేశాను. దాంట్ల నిన్ను ఒక మాట అన్న తిరుమలా, నాకు గుర్తు లేదు, ఇనకు అన్నాను.

తెల్సు వదినె అంది.

ఎనిమిది నెలలుగా తెలుసట, ఆ రోజు వాకిట్లో విన్న చుట్టాలు చెప్పారట. ఈ ఎనిమిది నెలల్లో నాతో ఫోన్లో వానల సంగతి, వర్షిత పని సంగతి మాట్లాడింది. పర్వతాలు చిన్నమ్మ ఒక తీరు చెప్పె, లచ్చయ్య బావ ఇంకో తీరు చెప్పె అంది. ఒకరు మొగుణ్ని చంపుకున్నదని అన్నవన్నరు, ఒకరు ఇంకొకణ్ని చూసుకున్నదని అన్నవన్నరు. నువ్వు ఎంత అన్నవో నీ నోట్నే ఇనాలె వదినె. అన్నంతనే మోస్త, ఎక్కువెందుకు మొయ్యాలె అంది.

పెట్టాను. ఆమె గోడకు ఆనుకుని విన్నది. ఆరో నిమిషంలో నేను నేల చూశాను. ఆమె కదలలేదు. తొమ్మిది నిమిషాలూ అయ్యాక, గింతేనా అంది.

తర్వాత చెప్పడం మొదలు పెట్టింది. మామూలుగానే మొదలు పెట్టింది. ఎక్కడ మాట రాగమైందో నాకు తెలియలేదు, ఎక్కడ ఏది మొదలవుతుందో ఇన్నేళ్లు రాసుకున్నదాన్ని. గుండెల నొప్పి అన్నడు వదినె, ఆటో వాకిట్లకే తెచ్చిన వదినె, ఎక్కుమంటే ఎక్కలే వదినె, సిమెంటు దుమ్ము అంగీతోని దవాఖానకు రానన్నడు వదినె, మా అక్క చూస్తే తిడతదన్నడు వదినె, నీళ్లు తోడిచ్చిన వదినె, ఆటో ఆగే ఉన్నది వదినె, బాత్రూం తలుపు పగలగొట్టిన వదినె.

మా అక్క చూస్తే తిడతది.

మా అమ్మ కూలికి పోతే వాణ్ని పెంచింది నేను. ఉతికిన అంగీ లేనిదే గడప దాటనిచ్చేదాన్ని కాదు. ఒకసారి చెంప మీద కొట్టాను కూడా.

తిరుమల ఏడుస్తూనే ఉంది. పక్కింటి ప్రమీలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏడ్వనీ అక్కా, ఆపకు, గా దినం నుంచి ఒక్క చుక్క రాల్చలే గీ పిల్ల అంది. నేను ఆపే స్థితిలో లేను.

చాలాసేపటికి వేదమూర్తి గారి మాట చెప్పాను. తిరుమల కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఉండనియ్యి వదినె, ఏడనో ఓ కాడ ఎవరో ఒకరు ఆయనను లేపుతనే ఉండని అంది. బర్రెది కూడా చూసిందట.

14 జూలై, ఆదివారం. చిట్యాల.

పనులు: అన్నీ అయ్యాయి.

సారుకు మెసేజ్: ఉంచండి.

నిన్న బయలుదేరే ముందు పర్వతాలు చిన్నమ్మను, లచ్చయ్య బావను, దొరికినవాళ్లందరినీ తిరుమల వాకిట్లోకి పిలిచాను. ఆ రోజు అక్కడే అన్నాను కాబట్టి అక్కడే నిలబడి, రాగం తీసి, నా మరదలిది తప్పు లేదు తమ్మీ అని ఏడ్చాను. ఈసారి ఏమన్నానో ప్రతి మాటా గుర్తుంది.

తిరుమలకు నా బాకీ చెల్లు.