నీలి లుంగీ మనిషి

బాపట్ల,
సోమవారం

ప్రియమైన నాన్నకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, ఇవాళ అంత ప్రియం ఏమీ లేదు. ఫోన్ చేస్తే అరుస్తానని ఉత్తరం రాస్తున్నాను. ఆరడానికి తెనాలిలో నీ దగ్గర వదిలి వచ్చిన నా వాడరేవు బొమ్మ పార్సిల్‌లో వచ్చింది. నీళ్ళ అంచున నీలి లుంగీ కట్టుకుని నిలబడ్డ ఈ మనిషెవరు నాన్నా? నిన్ను ఎవరు వెయ్యమన్నారు?

అది సగంలో ఆగిన బొమ్మ కాదు. పెద్ద కాన్వాసుకి ముందు రంగులు సరిచూసుకోవడానికి వేసుకున్న ఆయిల్ స్టడీ. మూడు ఆదివారాలు తొలి బస్సుకి వెళ్ళి కూర్చుంటే, అల వెనక్కిపోయాక తడి ఇసుక మీద రెండు క్షణాలు నిలిచే ఆ బూడిద రంగు దొరికింది. సరిగ్గా దాని మీదే నిలబెట్టావు వాణ్ణి. అదీ కొట్ల బోర్డులు రాయడానికి నువ్వు వాడే ఎనామిల్ పెయింటుతో! గోకితే వాడితోపాటు నా రంగూ లేచొస్తోంది. ఇది లేకుండా ఆ పెద్ద కాన్వాసు ఎలా వెయ్యను? నెలాఖరుకి విజయవాడ ప్రదర్శనకి ఏం పంపను, నా తలకాయా?

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఏడో తరగతి పోటీకి నేను వేసిన అమ్మ బొమ్మలో, నేను స్నానానికి వెళ్ళినప్పుడు ముక్కు దిద్దింది నువ్వే. దానికే ఫస్ట్ వచ్చింది. ఆ కప్పు చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. విడాకుల కాగితాలు చేతికొచ్చాక నేను వేసిన మొదటి బొమ్మ ఇది. ఇదొక్కటైనా నాది అనుకున్నాను. ఇక వెయ్యను. ప్రదర్శన వాళ్ళకి రానని చెప్పేస్తాను.

సునీల

తెనాలి,
శుక్రవారం

అమ్మా సునీలా,

తప్పు నాదే. ముక్కు సంగతి నిన్ను ఇన్నేళ్ళు బాధపెట్టిందని నాకు తెలియదు. సాయం చేశాననే అనుకున్నాను.

నలభై ఏళ్ళు నాటకాలకి తెరలు రాసినవాణ్ణి. నేను సముద్రం రాస్తే దాని ముందుకి ఎవరో ఒకరు వేషం కట్టి వచ్చి పద్యం ఎత్తుకునేవారు. తెర ముందు ఎవరూ లేరంటే మనిషి ఇంకా రాలేదని కంగారు పడేవాళ్ళం. నీది సగం బొమ్మ అని నేననుకోలేదమ్మా. కాగితాలు వచ్చిన నెలలోనే నువ్వు ఒక్కదానివీ అంత ఖాళీ నీళ్ళకి ఎదురుగా గంటలు గంటలు కూర్చున్నావని ఆ బొమ్మ చూశాకే నాకు తెలిసింది. భయమేసింది. చేతికి దొరికిన రంగుతో ఒక మనిషిని కాపలా పెట్టాను.

వాళ్ళకి రానని చెప్పకు. ఆదివారం తొలి రైలుకి బాపట్ల వస్తాను, వాడరేవు పోదాం. నువ్వు మళ్ళీ వేసుకో. నేను నీ వెనకాల ఇసుకలో కూర్చుంటాను. బొమ్మలోకి మాత్రం రాను.

మీ నాన్న,
పున్నారావు